పాత కేసు మీద థ్రెడ్ పెట్టాలంటే ఏం రాయొచ్చు, ఎక్కడ ఆగాలి?

చదువరి_లత
2007 కృష్ణా జిల్లా హాస్టల్ కేసు మీద ఇక్కడ నడిచిన థ్రెడ్ మూతపడింది. కారణం అందరికీ తెలుసు. మూడో పేజీ దాటకుండానే అమ్మాయి పేరు, ఫొటో వచ్చేశాయి. కోర్టు ఎన్నడూ నిందితులుగా చూడని మనుషుల పేర్లూ వచ్చేశాయి. మూసినందుకు నాకు బాధ లేదు. అందులో తీర్పు పేరాలతో సహా రాసిన మంచి పోస్టులు నాలుగైదు ఉన్నాయి, చెత్తతో పాటు అవీ పోయాయి. అదీ నా బాధ.

మళ్లీ మొదటి నుంచి పద్ధతిగా పెట్టాలని ఉంది. నా దగ్గరున్న తేదీలు ఇవీ. 2007 డిసెంబరు 27న ఘటన. 2008 ఆగస్టులో ఒక యువకుడి అరెస్టు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. 2018 చివర్లో కేసు సీబీఐకి వెళ్లింది. ఏ కాగితాలు దొరుకుతాయి, ఏవి దొరకవు? ఏది రాస్తే చట్టం ఊరుకోదు? టైమ్‌లైన్ ఎలా కట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. యూట్యూబ్ లింకులు మాత్రం వద్దు.

మోడరేటర్_భాను
మూసింది నేనే. పాత పోస్టుల్లో పేర్లు లేనివి తీసి ఇస్తాను, ఎవరివి వాళ్లు మళ్లీ వేసుకోవచ్చు. కొత్త థ్రెడ్‌కి ఒకటే షరతు. నియమాలు మొదటి పోస్టులోనే ఉండాలి, ఆ నియమాలు ఇక్కడే తేల్చుకుందాం.

కోర్టుహాల్_3
చట్టం సంగతి ముందు చెప్పేస్తాను, తర్వాత గొడవ ఉండదు.

లైంగిక నేరం సెక్షన్లు ఉన్న ఏ కేసులోనైనా బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. పాత ఐపీసీలో 228ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 72. శిక్ష రెండేళ్ల వరకూ జైలు, జరిమానా. పేరొక్కటే దాస్తే చాలదు. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆమె ఎవరో దూరం నుంచైనా పోల్చుకోగల ఏ వివరమూ రాయకూడదు. అంటే కాలేజీ, హాస్టల్, ఊరు, తండ్రి పేరు ఏదీ వద్దు. చనిపోయినవారికీ ఇదే వర్తిస్తుంది. పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23. చట్టంతో చిక్కుల్లో పడ్డ మైనర్ల పేర్లకైతే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74.

ఒక వెసులుబాటు ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పును ప్రచురించడం నేరం కాదని చట్టంలోనే వివరణ ఉంది. కింది కోర్టు విచారణ విషయాలకు ఆ వెసులుబాటు లేదు, కోర్టు అనుమతి కావాలి. కాబట్టి మీ థ్రెడ్‌కి వెన్నెముక 2017 హైకోర్టు తీర్పే. దాన్ని కోట్ చేసేటప్పుడు కూడా పేరున్న చోట 'మృతురాలు' అని పెట్టండి.

నిద్రలేని_నీలిమ
ఇది నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి తల్లే ఇన్నేళ్లుగా కెమెరాల ముందు పేరు పెట్టి న్యాయం అడుగుతోంది. ఢిల్లీ 2012 కేసులోనూ 2015లో తల్లే సభలో కూతురి పేరు చెప్పింది. తల్లి చెప్పిన పేరు మనం రాస్తే తప్పెలా అవుతుంది? పేరు తీసేస్తే మనిషి పోయి కేసు నంబరు మిగులుతుంది.

కోర్టుహాల్_3
నీలిమ గారు, మీ ఆవేదన న్యాయమైనదే. కానీ సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. చనిపోయిన బాధితురాలి విషయంలో దగ్గరి బంధువులు సరేనన్నా పేరు బయటపెట్టకూడదు. బయటపెట్టాల్సినంత అవసరం ఉందో లేదో సెషన్స్ జడ్జి నిర్ణయించాలి. తల్లి తన బిడ్డ పేరు చెప్పుకోవడం వేరు, ఆ పేరు మనం శీర్షికలో పెట్టి వెతికినవాళ్లందరికీ దొరికేలా చేయడం వేరు.

ఓరుగల్లు_పోరడు
2019ల శంషాబాద్ కేసు యాదికి తెచ్చుకోండ్రి. పోలీసులే 'దిశ' అని పేరు పెట్టేదాక అసలు పేరు హ్యాష్‌ట్యాగ్ అయి దేశమంతా తిరిగింది, ఫొటోతోని సహా. గంతటితోని ఆగలే. నలుగురు నిందితుల పేర్లు, ఫొటోలు, ఇండ్ల వీడియోలు అన్నీ వచ్చినయి. డిసెంబర్ 6 పొద్దుగాల చటాన్‌పల్లి కాడ ఎన్‌కౌంటర్ అయితే జనం పోలీసుల మీద పూలు చల్లిండ్రు. ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్ట్ 2022ల బయటికొచ్చింది, అది ఏమన్నది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చిండ్రని అన్నది. నలుగుర్ల ముగ్గురు మైనర్లని గూడ అన్నది. గప్పుడు మన గ్రూపులల్ల 'కేసు క్లోజ్' అని రాసినోళ్లు ఆ రిపోర్ట్ మీద ఒక్క పోస్టన్న పెట్టిండ్రా? కేసును ఫాలో అయితున్నమంటే ఆఖరు కాగితం దాక ఫాలో కావాలె.

గోదారి_గట్టు
పోరడు అన్నదానికి వంద లైకులండి.

సీమ_శీను
లతమ్మా, కాగితాల సంగతి నేను చెప్తా. ఎఫ్‌ఐఆర్ ఆన్‌లైన్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఎఫ్‌ఐఆర్లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పిందే 2016లో, యూత్ బార్ అసోసియేషన్ కేసులో. నెట్ సరిగా లేని చోట 72 గంటల దాకా గడువు ఇచ్చినారు. లైంగిక నేరాలు, పోక్సో లాంటి సున్నితమైనవి దాంట్లోంచి మినహాయించినారు. మీది 2007, పైగా ఈ రకం. రెండు విధాలా లేదు.

ఛార్జిషీటు కూడా అంతే. సౌరవ్ దాస్ కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది, అది పబ్లిక్ డాక్యుమెంట్ కాదు, వెబ్‌సైట్లో పెట్టాల్సిన పని లేదని. ఎవరైనా 'ఛార్జిషీటు పీడీఎఫ్ నా దగ్గరుంది' అంటే ఎట్ల వచ్చిందని ముందు అడుగు.

చదువరి_లత
మరి కింది కోర్టు రికార్డు? సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టొచ్చా?

కోర్టుహాల్_3
మామూలుగా మూడో వ్యక్తి కూడా పెట్టొచ్చు. ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పాలి, ఇవ్వడం మానడం కోర్టు చేతిలో ఉంటుంది. కానీ ఈ కేసులో ట్రయల్ రికార్డులే ధ్వంసమైనట్టు 2018లో బయటపడింది. సీబీఐని ఆ సంగతీ చూడమన్నారు. హైకోర్టు తీర్పులో కోట్ చేసిన సాక్ష్యాలే మీకు మిగిలిన ఆధారం. అందుకే ఆ తీర్పును మామూలుకన్నా మెల్లగా చదవాలి.

పాతపేపర్లు
వేరే కేసులకు పనికొస్తుంది కాబట్టి ఈకోర్ట్స్ (కోర్టు కేసుల వివరాలు చూపే అధికారిక సైటు) దారి ఇక్కడ పెడుతున్నా. సైట్లో కేస్ స్టేటస్‌కి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి. పైన పార్టీ పేరు, కేసు నంబరు, అడ్వకేటు, ఎఫ్‌ఐఆర్ నంబరు అని ట్యాబులుంటాయి. పార్టీ పేరుతో వెతకొద్దు. తెలుగు పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగులు ఎన్నో రకాలు, పైగా ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ట్యాబులో పోలీస్ స్టేషను, నంబరు, సంవత్సరం ఇస్తే నేరుగా తగులుతుంది. దొరికాక 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఆ కేసు గుర్తింపు సంఖ్య, రాసిపెట్టుకోండి. మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లా. తర్వాతి రెండు అంకెలు ఆ కోర్టు. ఆపై ఆరు అంకెల వరస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. అదొక్కటి ఉంటే వాయిదా తేదీలన్నీ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

పాత హైకోర్టు తీర్పులకు ఇండియన్ కానూన్ సైటు ఉచితం. 2019 జనవరి 1కి ముందు రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు. కాబట్టి ఆంధ్రప్రదేశ్ అని వెతికి దొరక్కపోతే తెలంగాణ అని కూడా వెతకండి.

మోడరేటర్_భాను
పాతపేపర్లు గారి పోస్టు పిన్ చేస్తున్నా.

నిద్రలేని_నీలిమ
కాగితాలు సరే. తీర్పు చదవడం అందరికీ రాదు. 80 పేజీల ఇంగ్లిష్ చూడగానే జనం పారిపోయి మళ్లీ వీడియోలకే పోతారు. ఎలా చదవాలో కూడా చెప్పండి.

కోర్టుహాల్_3
సెషన్స్ కోర్టు తీర్పయితే చివరి నుంచి మొదలుపెట్టండి. ఆఖర్న అనుబంధం ఉంటుంది. పీడబ్ల్యూ అంటే ప్రాసిక్యూషన్ సాక్షులు, ఎగ్జిబిట్ పీ అంటే కాగితాలు, ఎంఓ అంటే వస్తువులు. ఆ జాబితా చదివితే ఎవరు ఏం చెప్పడానికి వచ్చారో తెలిసిపోతుంది. తర్వాత 'పాయింట్స్ ఫర్ డిటర్మినేషన్' అన్న చోటికి వెళ్లండి, జడ్జి తనకు తాను వేసుకున్న ప్రశ్నలు అక్కడుంటాయి. అప్పుడు కారణాల భాగం. మొదట్లో వచ్చే 'ప్రాసిక్యూషన్ కథనం' ఆఖర్న చదవండి. చాలామంది అదొక్కటే చదివి అదే కోర్టు నమ్మిన నిజం అనుకుంటారు. అది పోలీసులు చెప్పింది మాత్రమే.

హైకోర్టు తీర్పులో ప్రాసిక్యూషన్ ఆధారపడ్డ పరిస్థితుల జాబితా ఎక్కడుందో పట్టుకోండి. కళ్లారా చూసిన సాక్షి లేని కేసుల్లో కోర్టులు 1984 నాటి శరద్ బిర్ధిచంద్ శారదా తీర్పులోని ఐదు సూత్రాలతో కొలుస్తాయి. ప్రతి లింకూ విడిగా రుజువు కావాలి, గొలుసు ఎక్కడా తెగకూడదు, నిందితుడు తప్ప ఇంకెవరూ చేసి ఉండే అవకాశం మిగలకూడదు. ఏ లింకు దగ్గర తెగిందో పేరా నంబరుతో రాస్తే అంతకంటే మంచి ట్రూ క్రైమ్ పోస్టు ఉండదు.

సీమ_శీను
'నేరం ఒప్పుకున్నాడు' సంగతి కూడా రాయండి సార్. జిల్లా పేజీల్లో సగం హెడ్డింగులు అవే.

కోర్టుహాల్_3
అవును, అది ముఖ్యం. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ చట్టంలో సెక్షన్ 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దొరకడానికి దారితీసిన ముక్క వరకే చెల్లుతుంది. పాత 27 అదే. ముసుగు వేసి, బల్ల మీద కత్తి పెట్టి ప్రెస్ మీట్‌లో చెప్పింది టైమ్‌లైన్‌లో ఎక్కించాలంటే 'పోలీసుల కథనం' అన్న గుర్తు తప్పనిసరి. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం వేరు, అది పాత సీఆర్‌పీసీలో 164, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 183. నార్కో పరీక్ష సంగతికొస్తే, ఇష్టం లేకుండా చేయడమే చెల్లదని 2010లో సెల్వి కేసులో తేల్చారు.

ఓరుగల్లు_పోరడు
సెక్షన్ నంబర్ల కాడ అందరు ఆగమైతున్నరు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ నంబరే రాయాలె, ఆ తర్వాతది అయితే కొత్తది. హత్య 302 పోయి 103 అయింది, సాక్ష్యం మాయం చేసుడు 201 పోయి 238, వరకట్న మరణం 304బీ పోయి 80. ఇప్పుడు కొత్త దాంట్ల 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలు. 'వాని మీద 302 పెట్టాలె' అని కామెంట్ కొట్టేటోళ్లు జర చూసుకోండ్రి, మాటలు అన్నందుకు లోపలేసుడు అయితది!

గోదారి_గట్టు
😂 సినిమా డైలాగులన్నీ మళ్లీ రాసుకోవాలండి.

పాతపేపర్లు
టైమ్‌లైన్ కట్టే పద్ధతి ఇది. గూగుల్ షీట్ చాలు. గడులు: తేదీ, సమయం, ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఏ కాగితం, పేజీ లేదా పేరా, ఆధారం స్థాయి, దీనికి ఎదురు చెప్పే ఆధారం. 'ఎవరు చెప్పారు', 'ఏ కాగితం' అన్నవి రెండూ వేరు గడులుగా ఉండాలి. వార్డెన్ చెప్పినట్టు పోలీసులు చెప్పారని పేపరు రాస్తే, అది మూడు చేతులు మారిన మాట.

స్థాయికి నాలుగు అక్షరాలు వాడండి. అ అంటే తీర్పులో కోర్టు నమ్మినది. ఆ అంటే సాక్షి కోర్టులో చెప్పినా కోర్టు దానిమీద తేల్చనిది. ఇ అంటే వారంలోపు పేపర్లో వచ్చినది. ఈ అంటే ఆ తర్వాత వచ్చినవన్నీ, ఇంటర్వ్యూలతో సహా. ఏళ్ల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలు భావోద్వేగంలో బలంగా ఉంటాయి, గంటలు నిమిషాల్లో బలహీనంగా ఉంటాయి. ఒక సమయం ఇ, ఈ లలో మాత్రమే ఉంటే దానిమీద ఏ వాదనా కట్టొద్దు.

పేపర్లతో ఇంకో చిక్కు. జిల్లా ఎడిషన్లు రాత్రి ముందే ప్రింటుకు వెళ్తాయి. 'నిన్న' అని రాసింది ఏ తేదీ అన్నది డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ) చూసి సరిచూసుకోవాలి.

రసాయనం
పై షీటుకి ఒక గడి కలపండి: 'సమయం ఖచ్చితమా, అంచనానా'. మన థ్రెడ్లలో ఎక్కువ గొడవలు మరణ సమయం దగ్గరే. శవం బిగుసుకోవడాన్ని బట్టి లెక్క వేసేటప్పుడు అమెరికన్ పాడ్‌కాస్టుల్లో చెప్పే గంటలు ఇక్కడ పెట్టకూడదు. వేడి ప్రాంతంలో బిగుసుకోవడం త్వరగా మొదలై త్వరగా పోతుంది. ఫ్యాను, ఏసీ, తడి బట్టలు, చనిపోయే ముందు పెనుగులాట, జ్వరం అన్నీ మారుస్తాయి. పోస్టుమార్టం రిపోర్టులో 'ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు' అని ఉంటే ఆ రెండు చివరలూ రాయండి, మధ్య అంకె తీసుకోవద్దు.

రక్తపు జాడ వెతకడానికి చల్లే లూమినాల్ మెరిసింది కాబట్టి రక్తమే అనడమూ తప్పే. బ్లీచింగ్‌కీ రాగికీ కూడా అది మెరుస్తుంది. అది వెతకడానికి మాత్రమే, ఆపైన నిర్ధారణ పరీక్ష, డీఎన్‌ఏ ఉండాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు గురించి పేపర్లో 'రక్తపు మరకలు' అని వస్తే మనిషి రక్తమా, ఎవరిది అని తేలిందా చూడండి. ఈ మూడూ వేరు వేరు మెట్లు.

సీమ_శీను
సెల్ టవర్ గురించి కూడా చెప్పు రసాయనం అన్నా. 'టవర్ లొకేషన్ అక్కడే చూపించింది' అని జడ్జిమెంట్ ఇచ్చేస్తా ఉంటారు.

రసాయనం
కాల్ రికార్డు చెప్పేది ఫోను ఏ టవరుకు, దానిలో ఏ సెక్టారుకు (టవరు ఏ దిక్కు వైపు భాగానికి) తగులుకుందన్నది. మనిషి ఏ గదిలో ఉన్నాడన్నది అది చెప్పదు. నగరంలో ఆ పరిధి కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు, పల్లెల్లో కిలోమీటర్లు. దగ్గరి టవరు రద్దీగా ఉంటే ఫోను పక్కదానికి పోతుంది. పైగా ఫోను ఎక్కడుందో చెబుతుంది తప్ప ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

డాలస్_సుబ్బు
దీనికి అసలైన ఉదాహరణ అమెరికాలోని బాల్టిమోర్ హత్య కేసు. 2014లో ఒక పాడ్‌కాస్ట్ వల్ల ప్రపంచమంతా విన్నదే. శిక్షకు సెల్ టవర్ రికార్డులు పెద్ద ఆధారం. ఏటీ అండ్ టీ పంపిన ఫ్యాక్స్ మొదటి పేజీలోనే, బయటికి చేసిన కాల్స్ మాత్రమే లొకేషన్‌కి నమ్మదగినవి, లోపలికి వచ్చినవి కావని రాసి ఉంది. ప్రాసిక్యూషన్ వాడిన కీలకమైన కాల్స్ లోపలికి వచ్చినవి! ఏళ్ల తర్వాత కాగితాలన్నీ వరసగా చదివినవాళ్ల కళ్లకు ఆ కవర్ పేజీ కనపడింది. 2016లో ఒక జడ్జి దానిమీదే కొత్త ట్రయల్ ఇచ్చాడు. పైకోర్టుల్లో అది నిలవలేదు, తర్వాత శిక్ష రద్దు కావడం, మళ్లీ రావడం, చివరికి 2025 మార్చిలో గడిపిన జైలు కాలమే చాలని వదిలేయడం, అదంతా వేరే కథ. అభిమానులు చేయగలిగిన మేలు ఏమిటంటే ఇదే. కవర్ పేజీ కూడా చదవడం.

నిద్రలేని_నీలిమ
సుబ్బు గారి ఉదాహరణ నా వాదనకే బలం. జనం గోల చేయకపోతే ఆ కాగితాలు ఎవరు తీసేవారు? కాలిఫోర్నియా వరస హంతకుడు 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' దొరికింది కూడా ఔత్సాహికుల వల్లే కదా. మరీ ఇన్ని కట్టుబాట్లు పెడితే థ్రెడ్ చచ్చిపోతుంది.

డాలస్_సుబ్బు
సగం నిజం నీలిమ గారు. ఆ పేరు 2013లో పెట్టింది రచయిత్రి మిషెల్ మెక్‌నమారా, కేసు మళ్లీ అందరి నోళ్లలో నానడానికి ఆమె కారణం. కానీ అతను దొరికింది ఫోరంలో రాసిన అనుమానాల వల్ల కాదు. పాత నేరస్థలం డీఎన్‌ఏని జెడ్‌మ్యాచ్ అనే వంశవృక్షాల డీఎన్‌ఏ సైటులో పెట్టి, దూరపు బంధువుల్ని పట్టుకుని, వాళ్ల వంశవృక్షాలు వెనక్కి కట్టి మళ్లీ ముందుకు దిగారు. పాల్ హోల్స్ అనే పరిశోధకుడు, బార్బరా రే-వెంటర్ అనే వంశవృక్ష నిపుణురాలు చేసిన పని అది. 2018 ఏప్రిల్ 24న అరెస్టయిన మాజీ పోలీసు జోసెఫ్ డిఏంజెలో, ఫోరాల్లో ఏళ్ల తరబడి నలిగిన పేర్లలో లేడు. మరి ఆ నలిగిన పేర్లవాళ్ల సంగతి? వాళ్లకు క్షమాపణ ఎవరు చెప్పారు?

2013 బోస్టన్ పేలుళ్లు ఇంకా ఘోరం. రెడిట్‌లో ఒక గుంపు ఫొటోలు పోల్చి, అప్పటికే కనపడకుండా పోయిన ఒక భారతీయ మూలాల విద్యార్థి మీద వేలు పెట్టింది. కొడుకు ఏమయ్యాడో తెలియక అల్లాడుతున్న ఇంటికి బెదిరింపులు వెళ్లాయి. ఆ కుర్రాడు పేలుళ్లకు ముందే చనిపోయాడు. రెడిట్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. 2022 ఇడహో హత్యల్లో ఒక టిక్‌టాకర్ టారో కార్డులు చూసి ఒక ప్రొఫెసరే చేసిందని వీడియోలు పెడితే, 2024లో ఫెడరల్ కోర్టు అది పరువు నష్టమేనని తేల్చింది.

కోర్టుహాల్_3
ఇక్కడా అంతే. పరువు నష్టం న్యాయ సంహితలో 356. 'నేను అడుగుతున్నానంతే' అని ప్రశ్న రూపంలో రాస్తే తప్పించుకోవచ్చనుకుంటారు. 'వాళ్లయినా అయ్యుండాలి, వీళ్లయినా' అన్నట్టు రాసినా, వ్యంగ్యంగా అన్నా పరువు నష్టం కావచ్చని సెక్షన్ వివరణలోనే ఉంది. చనిపోయిన మనిషి మీద రాసినా, కుటుంబం మనసు నొప్పించేదైతే వర్తిస్తుంది.

ఓరుగల్లు_పోరడు
నీలిమక్కా, థ్రెడ్ చస్తదని భయపడకు. వెబ్‌స్లూత్స్ అనే అమెరికా క్రైమ్ ఫోరం ఇరవై ఏండ్లకు ఎక్కువనే నడుస్తున్నది. వాళ్ల రూల్ మనకన్న గట్టిది. పోలీసులు అనుమానితుడని చెప్పనోని పేరు ఎత్తద్దు, ఏది రాసినా పేరున్న మీడియా లింక్ పెట్టాలె, బాధితుల్ని తిట్టద్దు. గయినా జనం పోలే.

నిద్రలేని_నీలిమ
సరే, పేర్ల విషయం ఒప్పుకుంటాను. కానీ ఔత్సాహికులు సొంతంగా ఏమీ తేల్చలేరని మాత్రం అనొద్దు.

డాలస్_సుబ్బు
అననే లేదు! 1968లో అమెరికాలోని కెంటకీలో శవమై దొరికి ముప్పై ఏళ్లు పేరు లేకుండా ఉండిపోయిన 'టెంట్ గర్ల్' ఎవరో 1998లో పట్టుకున్నది టాడ్ మాథ్యూస్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు. ఇంటర్నెట్‌లో తప్పిపోయినవాళ్ల ప్రకటనలు ఒక్కొక్కటీ చూస్తూ వయసు, ఎత్తు, ఊరు పోల్చాడు. తర్వాత డీఎన్‌ఏతో రూఢి అయింది. 2017లో మొదలైన డీఎన్‌ఏ డో ప్రాజెక్ట్ కూడా పేరులేని మృతులకు పేరు తిరిగివ్వడమే పనిగా పెట్టుకుంది. 'హంతకుడెవరు' అన్నదాని కంటే 'ఈ మనిషి ఎవరు' అన్న ప్రశ్నకు ఔత్సాహికులు బాగా పనికొస్తారు. తప్పు జోడీ చెప్పినా ఎవరి పరువూ పోదు, పోలీసులు పరీక్షించి కాదంటారు.

సీమ_శీను
ఆ వంశవృక్షం పద్ధతి మన కేసులకు ఎందుకు వాడరు?

రసాయనం
మూడు అడ్డంకులు. ఆ డేటాబేసుల్లో ఉన్నది ఎక్కువగా యూరప్ మూలాలవాళ్లు, మనవాళ్లు చాలా తక్కువ. రెండోది, అక్కడ చర్చి రికార్డులు, జనగణన పత్రాలు వెతికినట్టు ఇక్కడ ఐదు తరాలు వెనక్కి వెళ్లే కాగితాలు మామూలు ఇళ్లకు ఉండవు. మూడోది అన్నిటికంటే చిక్కు, మేనరికాలు. మూడో తరం కజిన్లకు సగటున డెబ్బై పైచిలుకు సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్‌ఏ కొలత) కలుస్తాయి. తరతరాలుగా ఒకే కులంలో, అందులోనూ మేనమామ మేనత్తల పిల్లలతో పెళ్లిళ్లు జరిగిన చోట ఆ అంకె పెరిగిపోతుంది. దూరపు చుట్టం దగ్గరివాడిలా కనిపిస్తాడు, వృక్షం తప్పు కొమ్మ ఎక్కుతుంది. ఇక చట్టం. డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం కింద నమూనాలు తీసుకోవచ్చు, కానీ అది అరెస్టయినవాళ్లు, శిక్షపడ్డవాళ్ల గురించి.

గోదారి_గట్టు
మా వైపు అయితే ఆ వృక్షం ఊడలు దిగిన మర్రేనండి, మొదలేదో చివరేదో తెలియదు.

మోడరేటర్_భాను
😀 అసలు విషయానికి వద్దాం. లత గారు, మొదటి పోస్టు ముసాయిదా పెట్టండి.

చదువరి_లత
ఇలా అనుకుంటున్నాను. శీర్షిక: '2007 కృష్ణా జిల్లా కేసు, 2017 హైకోర్టు తీర్పు పఠనం'. హాస్టల్ మాట కూడా తీసేశాను.

ఇది ఎవరు చేశారో కనిపెట్టే థ్రెడ్ కాదని మొదటి వాక్యంలోనే చెబుతాను. ఒక యువకుడు అరెస్టు నుంచి నిర్దోషిగా తేలేదాకా ఎనిమిదేళ్లకు పైగా ఎందుకు పట్టింది, గొలుసు ఏ లింకు దగ్గర తెగింది అన్నది పేరా వారీగా చదువుతాం. మృతురాలిని 'మృతురాలు' అనే రాస్తాం, నిర్దోషిగా తేలిన అతన్ని 'అప్పీలుదారు' అంటాం. సాక్షులు పీడబ్ల్యూ నంబర్లతోనే. తీర్పులో లేని ఏ వ్యక్తి ప్రస్తావనా ఉండదు. ఫొటోలు, శవ పంచనామా గాయాల వర్ణన ఉండవు. గాయం గురించి వాదన అవసరమైతే పేరా నంబరు ఇచ్చి వదిలేస్తాం. ప్రతి సమయానికీ ఆధారం స్థాయి. సీబీఐ దర్యాప్తు గురించి ఏజెన్సీ లేదా కోర్టు చెప్పింది తప్ప ఇంకేదీ ఎక్కించం. 2019 డిసెంబరులో మళ్లీ పోస్టుమార్టం జరిగిన సంగతి వరకూ టైమ్‌లైన్‌లో ఉంటుంది.

కోర్టుహాల్_3
బాగుంది. 'అప్పీలుదారు' మాట సరైన ఎంపిక. తీర్పు భాషలోనే ఉంది, పేరు అవసరం లేదు. ఇంకో వాక్యం చేర్చండి: ఎవరి దగ్గరైనా నిజంగా కొత్త సమాచారం ఉంటే ఇక్కడ రాయకూడదు, నేరుగా దర్యాప్తు ఏజెన్సీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఫోరంలో ముందే రాస్తే, రేపు ఆ సాక్షి కోర్టులోకి వచ్చినా 'ఇంటర్నెట్‌లో చదివి చెబుతున్నారు' అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో చీల్చేస్తారు.

నిద్రలేని_నీలిమ
లతా, పేరు లేకపోయినా ఆమె గురించి ఒక్క మాటైనా ఉండాలి. అప్పీలుదారు చుట్టూనే తిరిగితే ఆమె పక్కకు పోతుంది. హైకోర్టు అతన్ని వదిలేయడంతో ఆమెకు జరిగిన అన్యాయం అలాగే ఉండిపోయిందని ఆ మొదటి పోస్టులోనే రాయి.

చదువరి_లత
రాస్తాను నీలిమక్కా. రెండో వాక్యం అదే అవుతుంది.

ఓరుగల్లు_పోరడు
సీబీఐ అప్‌డేట్లకు వేరే గడి పెట్టు. తీర్పు పేరాలతోని కలిపితే కొత్తగ వచ్చెటోళ్లు రెండూ ఒకటే అనుకుంటరు.

పాతపేపర్లు
షీటు చూసే హక్కు అందరికీ, మార్చే హక్కు ముగ్గురికే ఇవ్వండి. ఎవరైనా గడి మార్చితే పాతది చెరిపేయకుండా పక్కన ఉంచండి, మార్చిన తేదీతో. 'ఎదురు చెప్పే ఆధారం' గడి ఖాళీగా ఉన్న వరసలకు పసుపు రంగు వేయండి. అక్కడ ఇంకా ఎవరూ రెండోసారి వెతకలేదని గుర్తు.

మోడరేటర్_భాను
లత గారు, పాతపేపర్లు గారు, కోర్టుహాల్ గారు. ఈ ముగ్గురికీ హక్కు ఇస్తున్నా. తీర్పు మొదటి పది పేరాల వరసలు షీటులో ఎక్కాక థ్రెడ్ తెరుస్తాను. అప్పటిదాకా పేరా నంబర్ల సందేహాలు ఇక్కడే అడగండి.

సీమ_శీను
మొదటి పది పేరాలు ప్రాసిక్యూషన్ కథనమే ఉంటుంది కదా భాను. కోర్టుహాల్ సార్ అది ఆఖర్న చదవమన్నారు. పరిస్థితుల జాబితా ఉన్న పేరా నుంచి మొదలుపెట్టమను.

మోడరేటర్_భాను
సరే శీనన్నా, అక్కడి నుంచే.